మా అత్త పాట, నా క్లిక్కు

మా అత్తతో నేను ఒక్కసారే పోట్లాడాను. అదీ చర్చిలో, మైకు ముందు, ఊరంతా వింటుండగా. తప్పు పూర్తిగా నాదే. ఆ సంగతి ఒప్పుకోవడానికి మాత్రం నాకు రెండు నెలలు పట్టింది.

అత్త అంటే మా నాయన చెల్లెలు. ఏర్పేడు దగ్గర మా ఊరి చిన్న చర్చిలో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పాట ఎత్తుకునేది ఆమే. చదువు రాదు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా ఒక్క మాట తప్పు పోదు. చేతిలో ఒక జత తాళాలు, అంతే. ఆమె ఎత్తుకుంటే వెనక చాపల మీద కూచున్న ముసలివాళ్ళ దాకా అందరూ అందుకునేవాళ్ళు.

నేనేమో సూళ్లూరుపేట వైపు ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను. బెల్టు మీద ఒక పెట్టె పోయి ఇంకో పెట్టె వచ్చేలోపు నా వంతు పని అయిపోవాలి. పన్నెండేళ్ళుగా అదే బతుకు కావడంతో, నిదానంగా నడిచేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో అన్నం వడ్డించడం ఆలస్యమైనా గడియారం వైపు చూస్తానని మా అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. అలాంటివాడి చేతికి ఒక కీబోర్డూ, పాత ల్యాప్‌టాప్పూ, పాటలకి వాయిద్యాలు కట్టే సాఫ్ట్‌వేరూ దొరికాయి. ఇక నన్ను పట్టేదెవరు?

ఆ సాఫ్ట్‌వేర్‌లో పైన వరసగా కొన్ని గడులుంటాయి. ఒకదాంట్లో టెంపో, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలు పడాలో. పక్కదాంట్లో ఒక్కో బార్‌కి, అంటే తాళం ఒక్కో చుట్టుకి, ఎన్ని దెబ్బలో. ఆ పక్కన శ్రుతి. చివర క్లిక్ బొమ్మ. అది నొక్కితే పాట ఉన్నంతసేపూ చెవిలో టిక్కు టిక్కుమని లెక్క వినిపిస్తుంది. ఆ టిక్కు నాకు మొదటిరోజే తెగ నచ్చేసింది. అది అలగదు, అలిసిపోదు, ఎవరికోసమూ ఆగదు.

వీడియోలు చూసి నేర్చుకుని, ఆదివారం కానుకల పాటకి వెనక మోగే ట్రాక్ తయారుచేశాను. మా ఊళ్ళో ఆడవాళ్ళు అన్నానికి ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి, కానుకల పాట పాడుతుండగా వరసలో ముందుకి నడిచి, బల్ల దగ్గరున్న గంపలో పోస్తారు. ఆ పాటకి టెంపో తొంభై ఆరు పెట్టాను. బార్‌కి నాలుగు దెబ్బలు. శ్రుతి డి. వీడియోల్లో అలాగే చెప్పారు మరి.

ఆదివారం స్పీకర్లోంచి డ్రమ్ములు మోగగానే కుర్రకారు ముఖాలు వెలిగిపోయాయి. అత్త ఎత్తుకుంది. శ్రుతి ఎక్కువై గొంతు కొంచెం గీరుకుపోయింది కానీ, పాట మొదటి వరస బాగానే పోయింది. వరస చివరి మాట దగ్గర మాత్రం ఆమె అలవాటుగా సాగదీసింది. ట్రాక్ సాగదీయదు కదా! రెండో వరసలోకి వెళ్ళిపోయింది. కుర్రవాళ్ళు ట్రాక్ వెంట పోయారు, చాపల మీదివాళ్ళు అత్త దగ్గరే ఉండిపోయారు. ముందుకి నడుస్తున్నవాళ్ళు ఎటూ తేలక దారి మధ్యలో నిలబడిపోయారు. నాకు తిక్క రేగింది. ట్రాక్ ఆపి మైకులో అనేశాను.

"అత్తా, నువ్వు తాళం తప్పుతా ఉండావు. ముప్పై ఏండ్లుగా తప్పుతానే ఉండావు. కంప్యూటర్ తప్పు పోదు. దాన్ని విని పాడు."

ఎవరో నవ్వారు. అత్త తాళాలు కిటికీ గట్టు మీద పెట్టి, వెనక్కి పోయి, చాపల మీద చివరగా కూచుంది.

ఆ ఆదివారం మొదలు ఆమె చర్చిలో పాడలేదు. ఆమె ఆపేయడంతో చాపల మీదివాళ్ళూ ఆపేశారు. స్పీకరూ, నేనూ, నలుగురు కుర్రవాళ్ళూ పాడుకున్నాం. చప్పుడు ఎక్కువైంది, పాట తగ్గిపోయింది. ఆ తేడా నాకూ తెలిసింది. తెలిసినా మొండికేశాను.

మా అమ్మ ఊరుకోలేదు. "మిషనుకి చెప్పినట్టు మనిషికి చెప్తివే. మీ అత్త నిన్ను ఎత్తుకోని పెంచిందిరా," అంది. నిజమే. అమ్మ చెరకు తోటలకి కూలికి పోయిన రోజుల్లో నేను అత్త చంకలోనే పెరిగాను. ఆమె మళ్ళీ పాడకపోతే అది నా వల్లే అని రోజూ బస్సులో అనుకునేవాణ్ణి. అనుకుని, ఇంటికొచ్చి, మళ్ళీ ట్రాక్ దిద్దుకునేవాణ్ణి.

ఒకరోజు ఏదో పని ఉన్నట్టు అత్త ఇంటికి పోయాను. ఉడకేసిన చెనిక్కాయలు గిన్నె నిండా పెట్టింది. ఎప్పటిలాగే మాట్లాడింది. లేస్తూ లేస్తూ అడిగాను, వచ్చే నెల కోత పండుగకన్నా పాడతావా అని. ఏటా ఊరంతా పంటలో కొంత చర్చికి మోసుకొచ్చే పండుగ అది.

"నోరు ఉండాదిలేప్పా, తినేదానికి. పాడేదానికి నీ పెట్టె ఉండాది గదా," అంది, గిన్నెలోని తొక్కలు ఎత్తుతూ.

అంతే, నా రోషం మళ్ళీ లేచింది. తప్పు ఎవరిదో రుజువు చేసి చూపిద్దామనుకున్నాను. పాస్టరయ్య ఫోన్‌లో కిందటేడు కోత పండుగనాటి కానుకల పాట రికార్డయి ఉంది. అది అడిగి తెచ్చి సాఫ్ట్‌వేర్‌లో వేశాను. అత్త పాట కింద క్లిక్ పరిచి, ఆమె ఎక్కడెక్కడ జారిందో ఎర్ర గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను.

వరస లోపల ఒక్క ఎర్ర గుర్తూ పడలేదు. నిమిషానికి ఎనభై నాలుగు దెబ్బలు. మొదటి వరసలో ఎనభై నాలుగు, ఎనిమిదో వరసలోనూ ఎనభై నాలుగే. మా బెల్టు కూడా అంత నిలకడగా తిరగదు. జారుడంతా వరసల చివర్లోనే ఉంది. ఒకచోట అయిదు దెబ్బలు సాగదీసింది, ఒకచోట తొమ్మిది, ఇంకోచోట ఏకంగా పద్నాలుగు. ఇదెక్కడి లెక్క అని ఇయర్‌ఫోన్లు గట్టిగా నొక్కుకుని విన్నాను.

అయిదు దెబ్బల దగ్గర, సాగదీత ఆగేముందు దభీమని చెనిక్కాయల బస్తా నేలకి దింపిన చప్పుడు వినిపించింది. తొమ్మిది దగ్గర చెరకు గడలు గలగలమన్నాయి. పద్నాలుగు దగ్గర మొదట ఒక కర్ర టక్కు, టక్కుమంది. అది మా ఊరి గొర్రెలాయన కర్ర. తుంటి విరిగినప్పటి నుంచి ఆయన దాని మీదే నడుస్తాడు. కర్ర చప్పుడు వెనక నుంచి ముందుకి వచ్చేదాకా అత్త గొంతు అదే మాట మీద నిలబడింది. గంపలో బియ్యం జలజలా పడ్డాయి. అప్పుడు తరవాతి వరస ఎత్తుకుంది.

అత్త తాళం తప్పలేదు. మోసుకొచ్చేవాళ్ళు దించుకునేదాకా ఆగింది. ముప్పై ఏళ్ళుగా అదే చేస్తోంది. నేను ఆ ముప్పై ఏళ్ళూ అక్కడే ఉండి వినలేకపోయాను.  ఎర్ర గుర్తులన్నీ ఒక్కొక్కటిగా తీసేశాను.

ఆ తరవాత మళ్ళీ మొదటినుంచి కట్టాను. టెంపో ఎనభై నాలుగుకి తెచ్చాను. శ్రుతి నాలుగు మెట్లు దించాను. డ్రమ్ములు తీసేసి హార్మోనియం, చిన్న కంజీర ఉంచాను. వరసల చివరే చిక్కు వచ్చింది. ఈసారి ఎవరు ఎంతసేపు నడుస్తారో నాకేం తెలుసు? అయిదు దెబ్బలు కావాలో పదిహేను కావాలో ముందే ఏ గడిలోనూ రాయలేం. చివరికి అక్కడొక బార్‌ని పెట్టి, నేను కాలికింద పెడల్ తొక్కి ఉంచినంతసేపూ అది అక్కడే తిరిగేలా చేశాను. తిరిగినంతసేపూ హార్మోనియం ఒక్క స్వరం మీద నిలబడుతుంది, కంజీర ఆగిపోతుంది, క్లిక్ నోరు మూసుకుంటుంది. కాలు తీస్తే తరవాతి వరస.

ల్యాప్‌టాప్, పెడల్ చంకలో పెట్టుకుని అత్త ఇంటికి పోయాను. "అత్తా, తప్పు నాదే. నువ్వు ఎందుకు ఆగుతావో ఇప్పుడు తెలిసినాది. చెప్పుంటే బాగుండేది గదా," అన్నాను.

"ఇదేమన్నా చెప్పే మాటనా? కండ్లుంటే కనపడతాది," అంది.

ఇయర్‌ఫోన్ ఆమె చెవిలో పెట్టి క్లిక్ వినిపించాను. ముఖం చిట్లించి పీకేసింది. "ఇదేందబ్బా, బల్లి అరిసినట్టుండాది. ఇది నీ చెవిలోనే పెట్టుకో." తరవాత పాట వినిపించాను. వరస చివర హార్మోనియం నిలబడింది. అత్త తలెత్తి నా వైపు చూసింది. నేను పెడల్ మీంచి కాలు తీయలేదు. ఆమె పెదవులు కదిలాయి కానీ గొంతు బయటికి రాలేదు.

"నడిసేవాళ్ళని ఎవురు సూస్తారు?" అని అడిగింది.

"నువ్వు సూడు. నేను నీ నోరు సూస్తా."

"సూద్దాంలే," అంది. పాడతానని అనలేదు, పాడనని కూడా అనలేదు.

కోత పండుగ రోజు చర్చి నిండా టమాటా బుట్టలు, వడ్ల బస్తాలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. అత్త వెనక చాపల మీదే కూచుంది. కానుకల పాట సమయమైంది. హార్మోనియం స్వరం ఇచ్చి ఎదురుచూశాను. ఎవరూ ఎత్తుకోలేదు. పెడల్ తొక్కే ఉంచాను. బార్ తిరుగుతూనే ఉంది. అప్పుడు అత్త మెల్లగా లేచి, కిటికీ గట్టు మీది తాళాలు తీసుకుని, చీర కొంగుతో దుమ్ము తుడిచి, ఎత్తుకుంది.

చాపలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి.  ఆమె నోటి వైపే చూస్తూ కాలు తొక్కాను, తీశాను. బస్తాలు దిగాయి, చెరకు దిగింది. గొర్రెలాయన కర్రతో వచ్చి బియ్యం పోసి వెళ్ళాడు. వరసలన్నీ అయిపోయాయి, పాట చివరి మాటకొచ్చింది. అప్పుడు అత్త తాళాలు చాప మీద పెట్టేసి, పక్కనున్న గుమ్మడికాయని ఎత్తుకుంది.

ఏటా ఆమె గుమ్మడికాయని ఆరాధనకి ముందే ఎవరిచేతో బల్ల దగ్గర పెట్టించేది. ఆమే నడిస్తే, నడిచేవాళ్ళ కోసం పాటని ఎవరు నిలబెడతారని. ఇన్నేళ్ళలో ఆమె తన కానుకతో ముందుకి నడవడం నేను చూడలేదు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో, పాడుతూనే, దారి పొడుగునా ఒక్కో అడుగూ వేస్తూ వస్తోంది. సగం దూరంలో ఊపిరి చాలక గొంతు ఆగింది. జనం ఆ మాటని ఎత్తి పట్టుకున్నారు. నేను పెడల్ని గట్టిగా తొక్కాను. ఎన్ని దెబ్బలయ్యాయో స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటుంది. నేను చూడలేదు. నా కళ్ళనిండా నీళ్ళు.

ఆమె బల్ల దగ్గర వంగి గుమ్మడికాయ దించింది. నేను కాలు తీశాను.

అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని నా పక్కకి వచ్చి, మైకు ఉందన్న ధ్యాస కూడా లేకుండా అంది: "ఏమప్పా, అంత సేపు ఆపినావు? నేనేమన్నా ముసిలిదాన్ననుకున్నావా?"