చీర మడతలో విమానాల పత్రిక

ఆ రోజుల్లో ఆకాశంలో విమానం చప్పుడు వినబడితే ఆదోని పత్తి మిల్లులో తూకం కూడా ఆగిపోయేది. నాకు మాత్రం విమానాల కంటే వాటి గురించి రాసే పత్రిక మీదే మోజు. మిల్లు ఇంజనీరుగారికి లండన్ నుంచి విమానాల వారపత్రిక ఓడలో వచ్చేది. ఆయన చదివి, ఆయన పిల్లలు అందులోని పైలట్లకు మీసాలు గీసి, చివరికి గుమాస్తానైన నా చేతికి వచ్చేసరికి కొత్త విమానాలు పాతబడిపోయేవి. (మీసాల గురించి ఆయనతో మొరపెట్టుకున్నాను. ఆ తరువాత గడ్డాలు కూడా వచ్చాయి.)

ఒక ఆదివారం అక్కావాళ్ళ ఊరికి పోతూ బస్సులో విప్పిన సంచికలో ఆ పత్రిక తన చరిత్ర తనే రాసుకుంది. మొదట అది మోటారు కార్ల పత్రికలో ఒక మూల కొన్ని పేజీలట. అప్పటికి వాళ్ళ దేశంలో విమానం సరిగ్గా నేల విడిచిందే లేదు. గాల్లోకి లేవని వాటి గురించి వారం వారం రాస్తుంటే ఒక చందాదారుడికి ఒళ్ళు మండి, కార్ల కోసం చందా కట్టినవాడికి ఈ పిచ్చి రాతలెందుకని సంపాదకుడికి ఫిర్యాదు పంపాడట. ఆ చందాదారుడు నాకు తోడబుట్టినవాడిలా తోచాడు. పోస్టాఫీసు మీద, బస్సుల మీద, హోటలు సాంబారు మీద నేను రాసిన ఫిర్యాదుల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆయనకైనా వచ్చిందా అని పేజీ తిప్పబోతుంటే ఎమ్మిగనూరులో బస్సు ఆగింది. సంచికను అక్కావాళ్ళ ఇంట్లో గూట్లో పెట్టి, తిరుగు బస్సు తొందరలో మరిచిపోయాను.

మళ్ళీ ఆదివారం వెళ్తే గూట్లో అట్ట ఒక్కటే ఉంది. బావ మగ్గం గుంటలో కూర్చుని తల ఎత్తకుండానే చెప్పాడు.

"చీరల మడతల్లో పెట్టినానప్పా. మన పేపరు పెడితే సిరా గుడ్డకంటుకుంటాది. ఇది నున్నగా ఉండాది."

"నేనింకా చదవలేదు బావా."

"చదవనిదైతే ఈడ యాల పెట్టిపోయినావు?"

చరిత్ర మిగతా పేజీ గోనెగండ్లకు, ఒక పెండ్లి చీరలో పోయిందని తేలింది. ఎండలో అక్కడికి పోయి అడిగితే పెండ్లికూతురి అవ్వ నన్ను కింద నుంచి పై దాకా చూసింది.

"పసుపు పెట్టి దేవుని కాడ పెట్టినాము నాయనా. ముహూర్తం దంకా మడత ఇప్పగూడదు. అంత కావాలంటే పెండ్లికి రా."

పోయాను. (ఇలా ఎవరైనా పెండ్లికి పిలుస్తారా అని ఇప్పటికీ నా బాధ.) తీరా ముహూర్తం దాటాక ఆ అవ్వ ఆకూ వక్కా అదే పేజీలో చుట్టి నా చేతిలో పెట్టింది. పసుపు మరకల మధ్య చదువుకున్నాను. సంపాదకుడు ఆ ఫిర్యాదును పూర్తిగా అచ్చు వేశాడట, జవాబు మాత్రం ఒక్క ముక్కా రాయలేదట. ఆ పెద్దమనిషి చందా మానలేదు. ఏటా చందాతోపాటు ఒక ఫిర్యాదూ పంపేవాడు. అది రాని ఏడాది పత్రిక ఆఫీసులో అందరికీ ఏదో వెలితిగా ఉండిందట.

నాకు ఒళ్ళు మండింది. ఇంత తిరిగితే దొరికిన జవాబు ఇదా? ఆ కోపమంతా బావ మీదికి తిప్పాను. ఆ తరువాత ఎన్నేళ్ళు ఎమ్మిగనూరు వెళ్ళినా గడప దాటగానే ఆ పేజీ ఊసుతోనే మొదలుపెట్టేవాణ్ణి. "ఇంగా మరవలేదా అప్పా" అంటూ బావ పీట జరిపేవాడు.

మొన్న వెళ్ళినప్పుడు అలవాటుగా, "నా పత్రిక చించి..." అని మొదలుపెట్టి, మగ్గం వైపు చూసి ఆగిపోయాను. బావ పోయి ఏడాదైంది. అక్క లోపలి నుంచి వచ్చి ఆ పీట నా వైపు జరిపింది.

"సెప్పురా, నేనింటాను."

కూర్చున్నాను. ఇంజనీరుగారి పిల్లలు గీసిన మీసాల దగ్గర నుంచి మొదలుపెట్టాను.