స్టెబిలైజరు ముల్లుకు కాపలా

ఆ రోజుల్లో టీవీ కొనడం కన్నా దానికి స్టెబిలైజరు కొనడమే పెద్ద పని. టీవీ అయితే పక్కింటివాళ్లు ఏది కొన్నారో చూసి తేల్చుకోవచ్చు, కరెంటు సంగతి మాత్రం ఎవరింటికి వాళ్లే చూసుకోవాలి. ఆ పని మా నాన్న నాకు అప్పగించారు. నేను తప్పుగా తేల్చాను. అక్కడితో ఆగినా బాగుండేది, తేల్చినదాన్ని నిలబెట్టుకోవడం కూడా చేతకాక, మా చెల్లెలు టీవీలో కనబడిన ఒకే ఒక్క సాయంత్రాన్ని సగంలో ఆర్పేశాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గాని ఆ సాయంత్రం మా వీధిలో నవ్వినవాళ్లు ఎవరూ లేరు.

ఎనభైల చివరి రోజులవి. మా ఇల్లు నందిగామలో, నా కొత్త ఉద్యోగం జగ్గయ్యపేటలో. రోజూ బస్సులో వెళ్లి, సిమెంటు లారీల వెనక పడి, కాస్త ముసలివాడినై ఇంటికొచ్చేవాణ్ని (తల కడిగితే వయసు తగ్గేది). డిగ్రీలో ఫిజిక్సు చదివాను గనక కరెంటు విషయంలో ఇంట్లో నాదే చివరి మాట. ఒక పేపరు అప్పటికింకా మిగిలి ఉన్న సంగతి మర్యాద కొద్దీ ఎవరూ ఎత్తేవారు కాదు. పేటలో టీవీల షాపాయన్ని ఊరంతా బాబాయ్ అనేది. ఆయన నా ముందు రెండు పెట్టెలు పెట్టాడు. ఒకటి ఆటోమేటిక్. వోల్టేజి పడిపోయినా ఎగిరినా లోపల టక్కుమని దానంతట అదే సర్దుకుంటుంది, చూడ్డానికి మాత్రం రేకు డబ్బాలా ఉంది. రెండోదానికి గుండ్రటి అద్దం, అద్దం వెనక చిన్న దీపం, వోల్టేజి చూపించే ఎర్ర ముల్లు, కింద అయిదు మెట్ల నల్లటి నాబు. వోల్టేజి తగ్గితే నాబు పైకి తిప్పాలి, పెరిగితే వెంటనే దించాలి. విమానం నడిపేవాడి ముందు ఉండాల్సిన వస్తువులా కనబడింది నాకు.

"ఆటోమేటిక్ తీసుకో అబ్బాయ్. పెట్టేసి ఇక దాని సంగతి మర్చిపోవచ్చు" అన్నాడు బాబాయ్. ఆ మర్చిపోవడమే నాకు నచ్చలేదు. ఫిజిక్సు చదివిన మనిషి ఇంట్లో ఉండగా పెత్తనం ఒక రేకు డబ్బాకి ఇవ్వడమేమిటని ఆయనకే చాలాసేపు పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, నాబు పెట్టెను అట్టపెట్టెలో సర్దుతూ, "నీ ఇష్టం. దీని దగ్గర మాత్రం ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి" అన్నాడు. ఉంటానన్నాను.

ఉన్నాను కూడా. వీధివాళ్లంతా చూడ్డానికి వీలుగా టీవీని గుమ్మంలో బల్ల మీద పెట్టి, బొమ్మ వసారా వైపుకి తిప్పేవాళ్లం. ప్లగ్గు గది లోపల ఉంది గనక స్టెబిలైజరూ లోపలే, దాని ముందు పీట మీద నేను. అంటే లోకమంతా టీవీ ముందు కూర్చుంటే నేను టీవీ వీపు దగ్గర కూర్చునేవాణ్ని. సాయంత్రం చేలకు కరెంటిచ్చే వంతు మొదలై మోటార్లన్నీ ఒక్కసారి ఎత్తుకోగానే మా వీధి వోల్టేజి నీరసించిపోయేది, బొమ్మ రెండు పక్కలా నొక్కినట్టు సన్నబడేది. నేను నాబు పైమెట్టుకి తిప్పితే మళ్లీ ఒళ్లు చేసేది. వంతు అయిపోయి మోటార్లు ఆగాయంటే వోల్టేజి గంతేస్తుంది, ఆ క్షణంలో నాబు దించకపోతే టీవీ గతి అంతే. అందుకని ఆదివారం సినిమాలన్నీ నేను వసారాలో మనుషుల మొహాల్లో చూశాను. పక్కింటి అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంటే హీరో తల్లి చనిపోయినట్టు, మా నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుంటే పాట మొదలైనట్టు లెక్క. పిల్లలు నాకు డ్రైవరన్నయ్య అని పేరు పెట్టారు. నేను పీట మీద కూర్చోగానే, "డ్రైవరొచ్చాడు, ఇక బండి కదులుద్ది" అనేది అత్తయ్య. అది పొగడ్తేననుకున్నాను.

మా చెల్లెలు అప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్ల స్కూల్లో జడ కోలాటం నేర్పే టీచరమ్మ పిల్లల్ని హైదరాబాదు తీసుకెళ్లి టీవీవాళ్ల ముందు ఆడించుకొచ్చింది. గుంజ పైనుంచి వేలాడే రంగురంగుల తాళ్లు తలొకటి పట్టుకుని, కోలలు వేస్తూ చుట్టూ తిరిగి జడలా అల్లుతారు. తర్వాత వెనక్కి తిరిగి, ఆడుతూనే ఆ జడ విప్పుతారు. అల్లడం ఎవరైనా అల్లుతారనీ, చిక్కు పడకుండా విప్పడమే విద్య అనీ టీచరమ్మ అనేదట. విప్పేటప్పుడు మొదటి అడుగు మా చెల్లెలిది. అది ఒక్క అడుగు తప్పితే అందరి తాళ్లూ చిక్కుపడతాయి. హైదరాబాదు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అది ఆ అడుగు గురించి తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. అమ్మ అన్నం పెడుతుంటే కంచం చుట్టూ వేలితో ఆ అడుగు వేసి చూపించేది.

ప్రసారమయ్యే సాయంత్రం ఆ పిల్లలంతా అమ్మానాన్నల్ని వెంటేసుకుని మా వసారాకే వచ్చారు. వీరులపాడు నుంచి ఒక పిల్ల తాతగారు సైకిల్ మీద వచ్చాడు. మోటార్లు నడుస్తున్నాయి, నాబు పైమెట్టు మీద ఉంది, నేను ముల్లు మీద కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. కోలాటం మొదలైంది. అవతల మొహాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అలాంటి మొహాలు నేను ఏ సినిమాకీ చూడలేదు. ఎవరో "అల్లేశారు, అల్లేశారు, ఇక మీ అమ్మాయే చూడండి" అన్నారు. చెల్లెలు మోకాళ్ల మీద లేచింది. ఒక్కసారి, ఒక్క రెప్పపాటు చూస్తే ఏమవుతుందిలే అనుకుని పీట మీంచి లేచి, టీవీ పక్కనుంచి తల బయటపెట్టాను.

నిండుగా అల్లిన జడ కనబడింది. అదే క్షణంలో చేల మోటార్లు ఆగాయి కాబోలు, వసారాలో బల్బు తెల్లగా మెరిసింది. నేను వెనక్కి దూకేలోగా టప్పుమంది, బొమ్మ చుక్కయి ఆరిపోయింది, కాలిన వాసన. వీరులపాడు తాతగారు మెల్లిగా అడిగాడు, "ఇప్పారంటారా మరి?"

ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. అమ్మ మాత్రం, "అంత చూడాలనుంటే అడగొచ్చుగా, ఒక్క నిమిషం నేను కూర్చునేదాన్ని" అంది. ఆ ఆలోచన నాకు రాలేదు. నాబు ఇంకొకరి చేతికిస్తే నా డ్రైవరు ఉద్యోగం ఏమైపోతుందోనని ఎన్నడూ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు మరి. చెల్లెలు నాతో మాట్లాడ్డం మానేసింది. నాకు అన్నం పెట్టాల్సి వస్తే కంచం నేల మీద జరిపి వెళ్లిపోయేది.

టీవీని పేటలో బాబాయ్ దగ్గర రిపేరుకిచ్చాను. ఆయన పెట్టె విప్పి చూసి, నన్ను చూసి, టీ తెప్పించాడు. బాగయ్యాక దాంతోపాటే ఆటోమేటిక్ కూడా తీసుకెళ్తానన్నాను. కానీ టీవీ బాగయినంత మాత్రాన ఆ కోలాటం మళ్లీ రాదు. అందుకని టీచరమ్మ ఇంటికెళ్లి, జరిగిందంతా చెప్పి, ఒక్కసారి మా వీధిలో ఆడించమని బతిమాలాను. ఆమె నవ్వి, మైకుసెట్టూ గుంజా నువ్వే చూసుకోవాలంది.

శనివారం సాయంత్రం వీధి మధ్య గుంజ పాతాం. మైకుసెట్టు మా వసారాలో. మోటార్ల వేళ గనక వోల్టేజి చాలక క్యాసెట్లో పాట ఈడ్చుకుపోతోంది. ఆ పాటకి అడుగులేస్తే జడ తెల్లారినా పూర్తి కాదు. ఆటోమేటిక్ ఇంకా షాపులోనే ఉంది గనక నా నాబు స్టెబిలైజరే తెచ్చి తగిలించి, గోడ వైపు తిరిగి పీట మీద కూర్చున్నాను. కోలాటం నా వీపు వెనక. "అబ్బాయ్, నువ్వు చూడు, నేను తిప్పుతాలే" అంది అత్తయ్య. ఈసారీ ఇవ్వనన్నాను. కారణం మాత్రం వేరు.

పాట సాగింది, కోలలు మోగాయి. మధ్యలో మోటార్లు ఆగి ముల్లు ఎగిరింది. అది పూర్తిగా ఎగిరేలోగా నా చెయ్యి నాబు దింపేసింది. పాట తొణకలేదు. కోలల చప్పుడు ఆగి వీధంతా చప్పట్లు కొట్టినా, క్యాసెట్టు ఆపేదాకా నేను వెనక్కి తిరగలేదు.

తిరిగేసరికి చెల్లెలు చెమటతో ఎదురుగా నిలబడి ఉంది. "చూశావా?" అంది. అన్నాళ్ల తర్వాత అదే మొదటి మాట.

"లేదే. ముల్లు చూసా."

"మరి ఇప్పామో లేదో నీకెట్టా తెలుసుద్ది?"

"నీ మొహం చూస్తే తెలుస్తోందిగా" అన్నాను. మొహాల్లో చూడ్డం నాకు బాగా అలవాటైన పని. అది నవ్వు ఆపుకోలేక, నా తల మీద కోలతో మెల్లిగా ఒకటేసి లోపలికెళ్లి, నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఇప్పుడు గోడకి తగిలించిన టీవీకి స్టెబిలైజరు కూడా అక్కర్లేదంటున్నారు. అయినా లైటు కాస్త తెల్లగా మెరిస్తే నా కుడిచెయ్యి దానంతట అదే గాలిలో ఏదో తిప్పబోతుంది. ఆ జడ కోలాటం మాత్రం నేను ఇప్పటికీ చూడలేదు. చూడాలని కూడా లేదు.