నాన్న కాలిక్యులేటర్ మీట

ఈ సాయంత్రం అల్మారా తలుపు వేయడం మరిచిపోయి వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి మా మూడేళ్ల పాప చేతిలో నాన్న కాలిక్యులేటర్ ఉంది. బిళ్ల బ్యాటరీలన్నీ ఎప్పుడో తీసి దాచేశానని తెలిసి కూడా ముందు దాని నోరు తెరిపించి చూశాను. ఆ తర్వాతే గమనించాను, తెర కింద ఉండే చిన్న మీట పక్కకు జరిగి ఉంది.

పాత కాలిక్యులేటర్లు పోగుచేయడం పెళ్లికి ముందునుంచీ నాకున్న పిచ్చి. కోదాడలో ఒక పుస్తకాల కొట్టు మూసేస్తుంటే కొన్నీ, ఇక్కడ సూర్యాపేటలో పాత సామాన్ల దుకాణంలో కొన్నీ దొరికాయి. ఏది ఇంటికొచ్చినా తుడవకముందే ఏ అంకె అరిగిందో, ఏ మీట ఎక్కడ ఆగిందో నోటుపుస్తకంలో రాసుకుంటాను. చివరగా వాడిన మనిషి వేలు అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది.

నాన్న మిర్యాలగూడ దగ్గర కాలువ పనుల్లో సర్వే చేసేవారు. మన ఈడువాళ్లకు కాలేజీ లెక్కల్లో గుర్తుండే ఉంటుంది, డిగ్రీలకూ రేడియన్లకూ మధ్య జరిపే ఆ మీట డిగ్రీల మీద లేకపోతే కోణాల లెక్కలన్నీ తప్పే వస్తాయి. రోజూ ఉదయం చెప్పులు వేసుకున్నాక కాలిక్యులేటర్ జేబులోంచి తీసి, మీటను బొటనవేలితో తడిమి చూసుకుంటే గాని ఆయన గడప దాటేవారు కాదు. సర్వే చేసేవాళ్ల అలవాటేమో అనుకునేదాన్ని. ఆయన పోయాక ఇన్నేళ్లూ దాన్ని ఆయన ఉంచినచోటే ఉంచాను. ఇప్పుడిక అది నాన్న పెట్టినది కాదు.

పాపను కసిరి, అది ఏడుస్తుంటే నేనూ ఏడుస్తూ అమ్మకు ఫోన్ చేశాను.

“పిల్లనెందుకు తిడ్తవే, నువ్వేమన్న తక్కువ జేసినవా?” అంది అమ్మ. “మీ నాయిన ఇంట్ల ఉన్నంతసేపు దాన్ని అటిటు జరుపుడే నీ పని. ఒకపారి సూస్కోకుండ పోయిండు. పొద్దూకేదాంక లెక్కలన్ని తప్పులే, తెల్లారి మళ్ల మొదటిసంది జేసిండు. గప్పటిసంది రోజు సూస్కొని పొయ్యేటోడు.”

“నన్నొక్క మాట కూడా అనలేదేమమ్మా?”

“అంటె ఇగ ముట్టవని. నేను దాసిపెడ్తనంటె ఒప్పుకోలే. ఆడుకోనియ్, నేనే సూస్కుంట అన్నడు.”

ఫోన్ పెట్టేసి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని కాలిక్యులేటర్ దాని చేతికే ఇచ్చాను. ఇంకా వెక్కుతూనే మీటను ఆ చివరికీ ఈ చివరికీ జరిపింది.

ఇప్పుడు లెక్కలన్నీ ఫోన్లలోనే. పిల్లలు ఏం నొక్కుతారోనని ముందే తాళం వేసి మరీ చేతికిస్తున్నాం. పని మీద పరుగెత్తే మనిషికి, రోజూ పొద్దున్నే గడప దగ్గర ఆగి, కూతురి అల్లరిని మాట్లాడకుండా సరిచేసుకుని వెళ్లే ఓపిక ఎక్కడినుంచి వచ్చిందో గాని, నాకింకా రాలేదు.