కట్టెకత్తికి బొట్టు

“దీనికి ఈ ఎరుపు ఎవరు పూశారు ఖాలా?”

“నేనే పూసినా. ఆయుధానికి ఈ పొద్దు పూయకుంటే ఇంకెప్పుడు పూయాల?”

“సైనికులు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. ఇది చూస్తే నెత్తురంటారు.”

“కుంకుమకూ నెత్తురుకూ తేడా తెలీదా కండ్లుండేవానికి?”

“వాళ్లకు కుంకుమంటే ఏం తెలుసు? తుడిచెయ్యి.”

“తుడిస్తే పోలేదు. రెండుసార్లు సబ్బు పెట్టినా. సబ్బు దండగయింది.”

సాల్మియాలో నేను పనిచేసిన ఇంట్లో ఆ మధ్యాహ్నం మొదలైన గొడవ ఇది. ఇరాక్ సైన్యం కువైత్‌లోకి వచ్చి రెండు నెలలు కావస్తోంది. నేను మామా అని పిలిచే ఇంటి యజమానురాలు, ఆమె భర్త వైద్యానికని వేరే దేశం వెళ్లి అక్కడే చిక్కుకుపోయారు. ఇంట్లో మిగిలింది వాళ్ల కూతురు, నేను. ఆ పిల్ల నన్ను పిన్నమ్మ వరసపెట్టి ఖాలా అనేది. మేం మాట్లాడుకున్నది అరబ్బీలో, అందులో నాది వచ్చీరాని అరబ్బీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆమె జపానులో చదువుకున్నప్పుడు అక్కడి కత్తిసాము నేర్చుకుంది. వస్తూ వస్తూ ఒక కట్టెకత్తి తెచ్చుకుంది. రెండు మూరల పొడవు, కాస్త వంపు, రోకలంత గట్టిది. రోజూ తెల్లారగానే హాల్లో తివాచీ మడిచి గంటసేపు దాన్ని తిప్పేది. ముందైతే దెబ్బ దెబ్బకూ గట్టిగా అరిచేది. సైన్యం వచ్చాక అరుపు వినపడలేదు. మానేశావా అని అడిగితే, లేదు, లోపల అరుస్తున్నాను అంది. నాకు ఒళ్లు మండింది. గ్యాస్ అయిపోవస్తుంటే, పొయ్యికి పనికొచ్చే కట్టెను గాల్లో తిప్పడమేమిటి? పైగా సైనికుల కంట పడితే ప్రాణం మీదికి వస్తుంది. కాల్చేద్దామని నాలుగుసార్లు అడిగాను, వినలేదు.

అది చాలదన్నట్టు నన్ను ఎదురుగా నిలబెట్టేది. కత్తి ఎత్తి నా నెత్తికి జానెడు దూరంలో ఆపేది. నేను కళ్లు మూసుకుని వెనక్కి జరిగేదాన్ని.

“దెబ్బ పడకముందే ఓడిపోయావు ఖాలా.”

“నాకు వంట పనుంది పాపా.”

“చేతికంటే ముందు మనసు సిద్ధం కావాలి. కొట్టాక కూడా దాన్ని వదలకూడదు. అవతలివాడు వెళ్లిపోయినా నువ్వు ఇంకా నిలబడే ఉండాలి.”

“పోయినోని కోసరం యాల నిలబడాల? అన్నం మాడతాది.”

నేను చదివింది మూడో తరగతి. తిండికి కరువైన రోజుల్లో ఆ మాటలు నాకు పనికిమాలిన కబుర్లుగానే తోచాయి.

ఆ రోజు దసరా అని రొట్టెల కొట్టు ముందు వరుసలో మా ఊరామె చెబితే తెలిసింది. మా కడప వైపు ఆ రోజు కొడవలి, గడ్డపార, రోకలి అన్నిటికీ బొట్లు పెడతాం. ఊరి నుంచి తెచ్చుకున్న డబ్బీలో కుంకుమ అడుగున ఉంది. కూరగాయల కత్తికి, కత్తెరకు, మిక్సీకి, చపాతీ కర్రకు, చీపురుకు పెట్టాను. కట్టెకత్తిని కాల్చమన్నది నేనే, కానీ పండగ పూట దాన్ని ఒక్కదాన్నే వదిలేయడానికి మనసు ఒప్పలేదు. ఆమె దానికి నూనె పట్టిస్తుంటుంది. తడి కుంకుమ ఆ నూనెలో కలిసి కట్టెలోకి ఇంకిపోయింది.

“ఇప్పుడన్నా పొయ్యిలో పెడతా, ఇయ్యి” అన్నాను.

“ఇవ్వను. మా గురువు తన చేతులతో ఇచ్చిన కత్తి.”

“నిన్ను పట్టుకపోతే ఇడిపించేదానికి ఆ గురువు వస్తాడా?”

“ఇప్పుడు భయపడి కాలిస్తే, రేపు వాళ్ల ముందు వణుకుతాను. నీకర్థం కాదులే.”

“కాదు. మీ అమ్మ తిరిగొచ్చి నా బిడ్డేదని అడిగితే ఏం చెప్పాల? నాకు తెలిసింది అదొక్కటే.”

ఆమె కట్టెకత్తిని తెచ్చి వంటింట్లో చపాతీ కర్ర పక్కన పెట్టింది.

మర్నాడు పొద్దున ముగ్గురు సైనికులు వచ్చారు. ఒకడు వంటింట్లోకి వచ్చి కట్టెకత్తి తీసి, ఈ నెత్తురెవరిదని ఆమెను అడిగాడు. ఆమె రెప్ప వేయలేదు. నేను మధ్యలోకి వెళ్లి కూరగాయల కత్తి, కత్తెర, మిక్సీ, చీపురు ఒక్కొక్కటే చూపించాను. మా పండగ, అన్నిటికీ పెడతాం అన్నాను. వాడు కట్టెకత్తిని నా నెత్తి మీదికి ఎత్తాడు. నేను వెనక్కి జరగలేదు. కళ్లు మాత్రం మూసుకున్నాను. వాడు నవ్వి దాన్ని కింద పడేశాడు. బియ్యం బస్తా ఎత్తుకుని ముగ్గురూ బయటికి నడిచారు.

నేను కూలబడబోయాను. “ఇంకా కాదు” అంది ఆమె. చిరాకు వచ్చినా నిలబడ్డాను. వాడు తిరిగి వచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. అల్మరా మీది రేడియో తీసుకుని, ఖలాస్ అని వెళ్లిపోయాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు ఆగాక కూర్చున్నాను.

నెలకు సరిపోయే బియ్యం పోయాయి. పిండి రెండు గిన్నెలుంది. ఆమె హాల్లో తివాచీ మడిచింది, నేను రొట్టెలకు పిండి కలిపాను.