చుక్క తరవాత అయిదు

రామ్‌చందర్‌ను ఆస్పత్రిలో అందరూ కోడ్ సార్ అనేవారు. బూర్గంపాడు దగ్గరి తండాలో పుట్టి, గోదావరి దాటి వచ్చి, అడవి అంచున ఉన్న ఆ సర్కారు దవాఖానాలో రికార్డు గుమాస్తా అయ్యాడు. డాక్టరు కేసు షీటు మీద రాసిన జబ్బును లావుపాటి పుస్తకంలో వెతికి, దానికి తగిన అంకె వేయడం అతని పని. మలేరియాకొకటి, పాముకాటుకొకటి, చెట్టు మీంచి పడ్డవాడికొకటి. హైదరాబాదులో మూడు వారాలు ట్రైనింగు అయి వచ్చాడు. ఆ సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి కుర్చీ వెనక తగిలించాడు. ఫారంలో ఖాళీ గడి కనబడితే అతనికి అన్నం సయించేది కాదు.

2006 మార్చిలో జంపయ్య వచ్చి చేరాడు. కోయ రైతు. రెండేళ్ల కిందట కల్లు కోసం ఎక్కిన జీలుగు చెట్టు మీంచి పడి నడుము పాడుచేసుకుంటే, ఊళ్లు తిరిగే ఆర్‌ఎంపీ ఒకడు నొప్పికి సూది పొడిచాడు. నొప్పి తగ్గింది, సూది తగ్గలేదు. రోజుకు ఒకటి రెండై, రెండు నాలుగై, చేతుల మీద నరాలు తాడు ముళ్లలా గట్టిపడ్డాయి. అడవి బిడ్డల అమాయకత్వం గురించి కళ్లు చెమర్చుకుంటూ రాసేవాళ్లు జంపయ్యను చూడవలసింది. సూది కోసం ఇంట్లో కోళ్లను ఒక్కొక్కటే మాయం చేసి, అడవిపిల్లి ఎత్తుకుపోయిందని భార్యకు చెప్పేవాడు. ఆ భార్యే, జంపక్క, చెయ్యి పట్టి లాక్కొచ్చి మంచం మీద కూలేసింది. తమ ఊరి ఆశ్రమ పాఠశాలలో వాచ్‌మన్ పని అతనికి దాదాపు ఖాయమైంది. ఆరోగ్యం కాగితం ఒక్కటే తక్కువ. నెల తిరిగేలోగా మనిషిని నిలబెట్టి, ఆ కాగితం పట్టుకుపోవాలని ఆవిడ పంతం.

సూది మానిపించిన అయిదో రోజున జంపక్క పశువులను చూసుకోవడానికి ఊరికి పోయింది. జంపయ్య మంచం మీద నిలవలేదు. తెలుగు వచ్చినవాడే, కానీ ఆ బాధలో నోట కోయ మాట తప్ప రాలేదు. కోస్తా నుంచి వచ్చిన కొత్త డాక్టరమ్మకు ఆ భాష తెలియదు. హాస్టల్లో ఎనిమిదేళ్లు కోయ పిల్లల మధ్య పెరిగిన రామ్‌చందర్‌ను పిలిపించి, ఏమంటున్నాడో కనుక్కోమంది.

జంపయ్య వివరంగానే చెప్పాడు. ఇప్పపూల పండుగ వస్తోంది. పోయిన పెద్దల పేర నిలిపిన రాళ్ల దగ్గర తొలి పువ్వు పెట్టనిదే ఆ ఊళ్లో ఎవరూ పువ్వు ఏరరు. ఈ ఏడు ఆ వంతు తమ ఇంటిదని, నాలుగేళ్ల కిందట పోయిన నాయన పూజారి నోట చెప్పించాడు. నాయన పిలిచాక పోకుండా ఎట్లా? అది ఒక్కడి చెవిలో మోగిన మాట కాదు, ఊరంతా కూర్చుని విన్న మాట.

రామ్‌చందర్‌కు అంతా అర్థమైంది. ప్రతి దీపావళికీ తండాలో అతనే నిప్పులో నెయ్యీ బెల్లమూ వేసి పోయిన తండ్రిని పిలుస్తాడు. పక్కన తల్లి బాలి కూర్చుని ఆ ఏటి పత్తి సంగతి మొగుడికి చెబుతుంది. కానీ ఎదురుగా డాక్టరమ్మ పెన్ను పట్టుకుని నిలబడి ఉంది. ఇదంతా విప్పి చెబితే, మీ తండాలో కూడా ఇంతేనా అని నవ్వుతుందేమోననిపించింది.

“సచ్చిపోయిన తండ్రి పిలుస్తున్నడట మేడమ్” అని, అంతటితో ఆపాడు.

ఆవిడ షీటు మీద ‘మాటలు వినిపిస్తున్నాయి’ అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. అనుమానంగా రాసినదానికి అంకె వేయకూడదు. అది అతనికి ట్రైనింగు మొదటి వారంలోనే నేర్పారు. నల్లమందు జాతి మందులకు అలవాటు పడ్డవాడికి ఎఫ్ పదకొండు, చుక్క తరవాత రెండు. ఆ మందుల వల్ల మతి చెదిరినవాడికి చుక్క తరవాత అయిదు. ఆ అయిదు ఆ దవాఖానాలో అప్పటిదాకా ఎవరికీ పడలేదు. నియమం తెలిసీ, గడి ఖాళీగా వదలలేక, రామ్‌చందర్ కాస్త గర్వంగానే ఆ అయిదు వేశాడు. దాన్ని బట్టే డిశ్చార్జి కాగితం తయారైంది. మతి కుదరడానికి మాత్రలూ రాశారు.

మూడు వారాలకు జంపక్క రికార్డు గదికి వచ్చింది. పిల్లలున్న చోట మతి లేనివాణ్ని పెట్టలేమని బడివాళ్లు కాగితం తిప్పి పంపారు. మాత్రలకు మొగుడి నాలుక మందమై, మెడ బిగుసుకుపోయింది. తొలి పువ్వు వంతు ఇంకో ఇంటికి పోయింది.

“సూది సంగతి నిజం సారూ. అండ్లకు మేం సిగ్గుపడ్తనే ఉన్నం. పిచ్చి అని ఎవలు చెప్పిన్రు?”

డాక్టరమ్మ రాసిందని గొణిగాడు.

“ఆమెకు మా మాట రాదు గద. పండుగ సంగతంతా నీకు చెప్పిన అన్నడు మా ఆయన. నీకు సమజ్ కాలేదా?”

కాలేదంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది కూడా. అద్దం కట్టిన సర్టిఫికెట్ వెనక గోడ మీదే ఉంది.

“అయింది” అన్నాడు.

“మరి?”

అతను కుర్చీలోంచి లేచాడు. ఫైలు తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పోయాడు.

“పోయిన దీపావళికి మా నాయనను నేను గూడ పిలిచిన మేడమ్. నాకు గూడ అయిదు వెయ్యాల్నా?”

ఆవిడకు మొదట అర్థం కాలేదు. అతను నెయ్యి దగ్గర్నుంచి తొలి పువ్వు దాకా అంతా చెప్పాడు. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగింది.

“మీ ముందర సిగ్గయింది.”

ఆవిడ ఓదార్చలేదు. ప్రశ్నార్థకం పెట్టి, తిరిగి వచ్చి అడగకపోవడం తన తప్పేనని మాత్రం అంది. మర్నాడు జంపయ్యను రప్పించి, జంపక్కను పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడింది. ఆ మాత్రలు ఆపించి, సూది అలవాటు ఒక్కటే అని రాసి సంతకం చేసింది.

రికార్డులో తప్పును చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పాతది చదవడానికి వీలుగా ఉంచి, కింద సంతకం, తేదీ వేయాలి. ఈ నియమం చెప్పి నర్సులను ఎన్నిసార్లు కసిరాడో లెక్క లేదు. ఇప్పుడు అయిదును కొట్టి రెండు వేశాడు. ఎవరు చూసినా గీత కింద అయిదు కనిపిస్తూనే ఉంది.

వాచ్‌మన్ పనిలో అప్పటికి పది రోజుల కిందటే ఇంకొకణ్ని పెట్టుకున్నారు. ఆ మాట బడివాళ్లే జంపక్కకు చెప్పారు. దిద్దిన కాగితం నకలు రామ్‌చందర్ ఇవ్వబోతుంటే, ఆవిడ చదివి వినిపించమంది. చదివాడు.

“తప్పు రాసింది ఎవలో అండ్ల ఉన్నదా?”

“ఉన్నది. కింద నా సంతకం.”

“గట్లయితే ఇయ్యి. నౌకరి ఎట్లనో పాయె. ఊళ్లె అందరి ముందట సదివిస్త.”

తన పేరు కూడా చదివిస్తావా అని అడగబోయి ఆగాడు. పేరు మడతలో పడకుండా చూసి, కాగితం మడిచి ఆవిడ చేతికిచ్చాడు.