కోహీర్ రాళ్లబాటలో నా మనవరాలి దగ్గరికి వచ్చిందెవరు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, పని లేనివాళ్ల ముచ్చటని కసిరేదాన్ని. ఇప్పటికీ నమ్మనంటాను. పోయిన ఎండాకాలం జరిగినదానికి మాత్రం నాకు జవాబు దొరకలేదు.

నా మనవరాలు శిరీష జహీరాబాద్‌లో డిగ్రీ చదువుతుంది. కోహీర్ అవతల చేలగట్ల మీద, రాళ్లబాటల్లో ముప్పై కిలోమీటర్ల పరుగు పందేనికి పేరిచ్చింది. తీరా పందెం రోజు పొద్దున పిల్ల ఒళ్లు కాలిపోతోంది.

"నానమ్మా, ఇయ్యాల నాతోని కాదే. పండుకుంట," అంది.

"జర ఒళ్లు వెచ్చగైతె పండుకుంటరా? నేను జొరంతోనే కంది కోసిన. లే!" అన్నాను.

జ్వరం గోలీ కూడా ఇవ్వలేదు. వడదెబ్బ తగలకుండా జేబులో ఒక ఉల్లిగడ్డ పెట్టాను. "పారెయ్యకు, కూరలకైతది, వాపస్ పట్కరా," అని కూడా చెప్పాను.

పందెం ముగిసే చోట డేరా కింద కూర్చున్నాను. నీళ్లు తాగడానికి కూడా లేవలేదు. అందరూ వచ్చారు, మా పిల్ల రాలేదు. పదకొండు దాటాక జీపులో తెచ్చారు. స్పృహ లేదు.

"వేపచెట్టు కింద ఒక్కతే పడి ఉన్నది పెద్దమ్మా. సుట్టుపక్కల ఎవ్వరు లేరు," అన్నాడు తెచ్చినతను.

బూట్లు విప్పి ఉన్నాయి. అరికాళ్లకు ఉల్లిగడ్డ రుద్ది ఉంది. సగం చెక్క ఇంకా పిల్ల గుప్పిట్లోనే ఉంది. కొడవలితో కోసినట్టు నున్నగా తెగింది. పరుగెత్తే పిల్ల దగ్గర కత్తి ఎక్కడిది?

దవాఖానలో సెలైన్ ఎక్కుతుంటే కళ్లు తెరిచింది.

"నువ్వు రాకపోతె సచ్చిపోతుంటి నానమ్మా."

"నేను డేరాలనే ఉన్న బిడ్డా."

"ఉత్తదే! నువ్వే బూట్లిప్పినవ్. తల నిమిరినవ్. 'పందెం పోతె పోనియ్ బిడ్డా, జర సేపు కూసో' అన్నవ్."

జ్వరంలో అట్లాగే అనిపిస్తుందన్నాడు డాక్టరు. మరి ఉల్లిగడ్డ కోసిందెవరని అడిగితే పక్క మంచం దగ్గరికి పోయాడు. ఆ చుట్టుపక్కల చేలవాళ్లను కూడా అడిగించాను. అటు ఎవరూ పోలేదట.

"మా నానమ్మనే బతికిచ్చింది," అని శిరీష అందరికీ చెబుతుంది. నేను కాదని రెండుసార్లు అన్నాను. తర్వాత మానేశాను. 'పందెం పోతె పోనియ్ బిడ్డా' అన్న మాట ఆ పొద్దున ఇంట్లోనే నేను అనవలసింది. నేను అనలేదు. నా గొంతుతో అన్నదెవరో నాకు తెలియదు.