నారింజ చెట్టు కింద కోర్టు

మార్చి వస్తే మా ఎడారి ఊరు చాండ్లర్‌లో నారింజ పూల వాసన. ఏసీ బాగుచేయడానికి ఏ ఇంటి కప్పెక్కినా ఆ వాసన ముక్కు పట్టుకుని నన్ను మార్తా ఆంటీ పెరట్లోకి ఈడ్చుకుపోతుంది. హైస్కూల్ మధ్యలో మానేశాను కనుక కప్పులెక్కుతున్నాను. బాగా చదువుకున్నవాళ్లు కింద చెమటలు కక్కుతూ నా కోసం ఎదురుచూస్తుంటారు.

మార్తా ఆంటీ మా పక్కింటి డచ్చి ముసలావిడ. ఆదివారాలు మా ఇంట్లో నాలుగు కుటుంబాలు చేరి, పెద్దలు వీసాల గురించీ పులిహోరలో ఇంగువ గురించీ ఒకే గాభరాతో మాట్లాడుకుంటుంటే, పిల్లలం ఆవిడ నారింజ చెట్టు కింద, రాలిన పూలు అరికాళ్లకు అంటుకుంటుండగా, కోర్టాట ఆడేవాళ్లం. ఎప్పుడూ మాలో పెద్దవాడు కిరణన్నయ్యే జడ్జి, వాళ్లమ్మ నల్ల చున్నీ కప్పుకుని. శిక్ష ముందే ఖాయం చేసేవాళ్లం, భోజనాలకి ఎప్పుడు పిలుస్తారో తెలియదు కదా.

ఒక ఉగాదికి, నా కాపలాలో ఉన్న పళ్లెంలోంచి, నైవేద్యం పెట్టకముందే బొబ్బట్టు మాయమైంది. తిన్నది మా తమ్ముడు బంటీ. వాడి బుగ్గ మీది నెయ్యి తుడిచింది నేనే. ముద్దాయినీ నేనే.

"ఎవరు తిన్నారో చెప్పవే. లేకపోతే సమ్మరంతా నీతో ఎవరూ ఆడరు. డిసైడ్ అయిపోయింది."

"అయిపోతే ఇంకా అడుగుతావేంటి అన్నయ్యా?"

నోరైతే లేచింది గానీ, ఆ వీధిలో నాకు వేరే స్నేహితులెవరూ లేరు.

మొక్కలకు నీళ్లు పెడుతున్న మార్తా ఆంటీ, ఏం జరుగుతోందని ఇంగ్లిష్‌లో అడిగింది. కిరణన్నయ్య మా పద్ధతి గర్వంగా వివరించాడు. ఆవిడ పైపు వదిలేసింది.

యుద్ధంలో జర్మన్లు ఆవిడ దేశాన్ని ఆక్రమించినప్పుడు, కరపత్రాలు పంచిన ఆవిడ అన్నయ్యని ఇలాగే నిలబెట్టారట. జెండా ఉంది, నల్ల గౌన్లున్నాయి, వకీలు కూడా ఉన్నాడు. తీర్పు మాత్రం ముందే రాసి ఉంది. ఆయన తోటివాళ్ల పేర్లు చెప్పలేదు. అన్నయ్య కోసం గుడ్డలో రొట్టె కట్టుకుని కోర్టు గుమ్మం దగ్గర నిలబడ్డ ఈవిడ, ఆ రొట్టెతోనే ఇంటికి తిరిగొచ్చింది.

అంతవరకూ చెప్పి, వంటింటి కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు మొదలుపెట్టు బాబూ. ముందు విను."

కిరణన్నయ్య చున్నీ తీసి మడతపెట్టాడు. వినడం ఎలాగో మా కోర్టులో ఎవరికీ తెలియదు. ఈలోగా భోజనాలకి పిలిచారు.

నిన్న ఆ ఇంటికే పనికి వెళ్లాను. ఆంటీ లేదు, చెట్టు లేదు, పెరడంతా కంకర. వాసన మాత్రం ఎవరింట్లోంచో వస్తూనే ఉంది. మా కేసు వాయిదాలోనే ఉండిపోయింది. బంటీ సంగతి మీకు చెప్పాను గానీ, కిరణన్నయ్యకి ఇంకా చెప్పలేదు.